తెల్ల పంచె

మొగిలి ఘాటు కింద, కాయ కోయని తోతాపురి తోపులో
రెండు చెట్ల నడుమ నా పెళ్ళి పంచె కట్టినాము.
అంచున పసుపు మరక ఇంకా పోలేదు.
వెనక దీపం పెట్టంగానే
కావిలి మునెప్ప అడిగినాడు:
"తెర లేచింది, బొమ్మలేవీ?"

బొమ్మలు వాటంతటవే వచ్చినాయి.
ముందు ఉసుళ్ళు, పిలవని పేరంటానికి ఊరంతా దిగినట్టు.
వెనక బూడిద రెక్కలవి, ఆకు రెక్కలవి,
నేలపడి బొర్లా గింగిరాలు కొట్టే నల్లటి పెంకుపురుగులు.

పలమనేరు కాలేజీలో పాఠం చెప్పే రెడ్డిరాణి
జిల్లా పురుగులన్నిటికీ ఒక పుస్తకం వేస్తా ఉండాది.
ఫోటోలు ఆమె పని.
గుర్తుపట్టడానికి నన్ను పిలిచింది,
ముప్పై ఒక్క ఏండ్లు చిత్తూరు చర్చివీధిలో
పురుగుమందుల అంగడి నడిపినోణ్ణి.
వీటి మొగాలు నాకు డబ్బాల మీద పరిచయం,
ఒక్కో మొగం మీదా ఎర్ర ఇంటూ గుర్తుతో.
కొన్ని డబ్బాలు పురుగులకు కాక
వేరే పనికి కూడా పోయినాయి.
ఆ లెక్క పుస్తకం నేను తెరవను.

"ఇదేంది నా?"
"తేనెమంచు పురుగు. లీటరు నీళ్ళకు రెండు మిల్లీ."
"పేరడిగితే మోతాదు చెప్తావే!"
నవ్వి, కెమెరా వెనక అద్దం నా పక్క తిప్పింది.
బియ్యపు గింజంత పురుగు అరచేయంత అయ్యి
నన్నే చూస్తా ఉండాది.
దానికి కండ్లుండాయని
ఏ డబ్బా మీదా రాయలేదు.

పొద్దున ఇట్లే, కరేపాకు పూత కాడ
కందిరీగని చెయ్యి వెనక్కి లాక్కున్నాను.
"రెక్కలు లెక్కబెట్టు నా" అనింది. రెండే.
కొండి లేదు, విషం లేదు. ఒట్టి ఈగ.
తిరుపతి గంగజాతరలో
మొగోడు చీర కట్టి మాతంగై నడిచొస్తే
వేషమని తెలిసే కదా జరిగి దండం పెడతాము.
నేను తెలియక పెట్టినాను, అంతే తేడా.

ఆరుద్ర పురుగును ఆమె పుస్తకంలో చేర్చలేదు.
ఎనిమిది కాళ్ళంట. లెక్క ప్రకారం ఆ జాతే కాదంట.
మా అమ్మ దాన్ని నా అరచేతిలో పెట్టి
"వానొచ్చేసిందిరా" అనేది.
కాళ్ళు ఎంచింది లేదు.

నడిరేయి దాటినాక
పసుపు మరక మీద ఒకటి వాలింది.
చింతపిక్క రంగు. రెక్కకొక వెండి అరసున్న,
ఇప్పుడెవరూ రాయనిది.
రెడ్డిరాణి పుటలు తిప్పింది.
మీసం దువ్వెన మాదిరి ఉందా, ఉంది.
వెనక రెక్క అంచున కుచ్చు ఉందా, లేదు.
పద్నాలుగో ప్రశ్న కాడ దోవ ఆగిపోయింది.
"తేల్చాలంటే చంపాలి నా.
కడుపు కోసి అద్దం కింద చూడాలి."
దూది పెట్టిన సీసా నా చేతికిచ్చింది.
మూత తీసినాను. తెలిసిన వాసన కాదు కానీ
పొద్దున్నే అంగడి షట్టరు ఎత్తితే కొట్టే వాసనకు
చెల్లెలు వరస.
మూత పట్టుకొని అట్లే నిలబడి ఉండాను,

"దీపం ఆర్పండబ్బా! ఏనుగులు!"

చీకట్లో కొమ్మలు విరిగినాయి. కాయలు రాలినాయి.
ఎంతసేపో, ఊపిరి కూడా చిన్నచిన్నగా తీసినాము.
మళ్ళీ దీపం పెడితే పసుపు మరక ఉండాది,
అది లేదు.
"పోయిందే" అనింది రెడ్డిరాణి.
"అవును" అన్నాను, బాధపడినట్టు.

తెల్లారి ఏనుగు లద్దె మీద పేడపురుగులు,
నాలుగు రకాలు.
ఆమె మోకాళ్ళ మీద కూచొని నూట ముప్పై ఫోటోలు తీసింది.
రాలిన కాయలు ఎంచుకుంటా
మునెప్ప ఏనుగుల్ని తిడతానే ఉండాడు.

పుస్తకం అచ్చుకు పోతా ఉండాది.
ఆ ఒక్క ఫోటో కింద ఇట్లా రాసింది:
పేరు తేలలేదు. బంగారుపాళ్యం, ఆరుద్ర కార్తె,
తెల్లగుడ్డ మీద, ఒకటే.
తప్పులు దిద్దమని ప్రూఫు నాకిస్తే
పెన్సిలుతో ఒక మాట చేర్చినాను:
మోతాదు తెలీదు.

రెడ్డిరాణి ఇంకా కొట్టెయ్యలేదు.