కిటికీ లేని కిటికీ సీటు

ముందుగాల సుద్దముక్కతో గీసిన.
ఆరేసిన బట్టలు పక్కకు జరిపి, డాబా నేల మీద:
ఇక్కడ కూర్చునే జాగ, ఇక్కడ కుండీలు,
ఇక్కడ చాయ్ గ్లాసు పెట్టుకునే గట్టు.
పార్శిగుట్టల మా ఇంటి మీద
పదిహేను అడుగులు అటు, పన్నెండు ఇటు.
అందుల నల్ల ట్యాంకు ఒక మూల కబ్జా చేసింది,
పక్కింటోళ్ళ డిష్ గొడుగు ఇంకో మూల.

రాత్రి వాన పడ్డది.
తెల్లారి చూస్తే నా ప్లానంతా
గొట్టంల నుంచి గల్లీలకు పోయింది.

మేస్త్రీ భిక్షపతి నవ్విండు.
"నీడ ఎటు పోతదో చూడకుండ గీస్తరా అక్కా?"
ట్యాంకు నీడ పొద్దున పడమటికి సాగింది,
మధ్యాహ్నం తన కాళ్ళ కిందికి ముడుచుకున్నది,
నాలుగయ్యేసరికి తూర్పు పిట్టగోడ ఎక్కి కూర్చున్నది.
ఒక ఆదివారమంతా దాని వెంట తిరిగిన,
గంటకో గీత.
ఇరవై ఆరేండ్లు బస్సుల నిలబడ్డదాన్ని,
ఎండ ఏ కిటికీకెళ్ళి ఎప్పుడు పడ్తదో
అఫ్జల్‌గంజ్ దాకా మలుపు మలుపుకు చెప్తగని
నా డాబా మీది ఎండ నాకు తెల్వదు.

జుమేరాత్ బజార్ల కేన్ కుర్చీలు చూసిన.
ఒకదానికి కాలు లేదు, ఒకదానికి ధర లేదు,
అంటే, వాడు నా మొఖం చూసి చెప్తుండు.
ఎర్రగడ్డల ఇనుప ఊయల కిర్రుమన్నది
ఎవరింటి పిల్లదో ఏడ్పు ఇంకా అందుల ఉన్నట్టు.
వద్దనుకున్న.
మేనకోడలు స్రవంతి ఫోన్ల బొమ్మలు చూపించింది:
తెల్ల పరుపులు, తెల్ల పరదాలు, తెల్ల గులకరాళ్ళు.
మంచిగనే ఉన్నయి బిడ్డా,
మా పావురాలకు ఎవరు చెప్తరు?

డిపో వెనక తుక్కు వేలంల దొరికింది:
ఇద్దరు కూర్చునే సీటు, ఆకుపచ్చ రెక్సిన్.
ఎవరో బ్లేడుతో కోసి పొట్టలోని స్పాంజి గుంజిండ్రు.
వెనక రేకు మీద మేకుతో గీకిన ప్రేమ,
"ఎస్ ప్లస్" అని, ఆ తర్వాత ఏం లేదు.
స్టాపు వచ్చినట్టుంది.

ట్రాలీ ఆటోవాడు మూడు వందలన్నడు.
"సీటుకు కూడ టికెటా?" అంటే
రెండు వందల యాభైకి దిగిండు.
మెట్ల మలుపుల ఇరుక్కున్నది.
ఖదీర్ భాయ్ దాని కాళ్ళు కోసి
పైకి తెచ్చి మళ్ళ అతికిండు,
వెల్డింగు మెరుపులకు గల్లీల పిల్లలందరు
కండ్లు మూసుకోని వేళ్ళ సందులకెళ్ళి చూసిండ్రు.
కింద షాబాదు బండలు పరిచినం,
పగిలినయి కాబట్టి ఊరికే వచ్చినయి.
నూనె డబ్బాలల్ల గోరింట, పుదీన, ఒక నందివర్ధనం.
బీరతీగను డిష్ గొడుగు కాలుకు చుట్టిన,
అడుగుతే వద్దంటరని అడగలేదు.

సాయంత్రం ఆరు. అంతా అయిపోయింది.
చాయ్ పట్టుకోని పైకి వచ్చిన.
వచ్చి, నిలబడ్డ.
సీటు పక్కన, ఒక చెయ్యి కడ్డీ మీద,
కాళ్ళు కొంచెం ఎడంగ,
బ్రేకు పడితే తూలకుండ.
చాయ్ మీద మీగడ కట్టింది.
రెండో రోజు అంతే.
మూడో రోజు కుండీలకు నీళ్ళు పోసి, సీటు తుడిచి,
దిగిపోయిన.

పక్క డాబా మీదికెళ్ళి నుస్రత్ చూస్తున్నదట.
నాలుగో రోజు చెప్పులు చేతిల పట్టుకోని
పిట్టగోడ దాటి వచ్చింది,
తిన్నగ పోయి కిటికీ దిక్కు కూర్చున్నది.
కిటికీ లేదు.
అటు దూరంగ మౌలాలి గుట్ట, ఇటు నేను.
"ఖాళీ బస్సుల నిలబడతవేంది?"
నా నోట్లకెళ్ళి అదే వచ్చింది, ఆపుకోలేకపోయిన:
"జరుగమ్మా, లోపలికి జరుగు."
ఆమె జరిగింది.

రెక్సిన్ పగటి ఎండను ఇంకా దాచుకున్నది,
చీరల నుంచి వేడి తగిలింది.
మోకాళ్ళు వంగుతుంటే ఏదో శబ్దం,
నాదా, సీటుదా?
ఆమె కొడుకు పరీక్ష గురించి ఏదో చెప్పింది,
నేను బీరపూత చూపించిన.
ట్యాంకు నిండి పొంగుతున్నది,
మోటరు బంద్ చెయ్యమని కిందికెళ్ళి ఎవరో అరుస్తుండ్రు.
నీళ్ళు బండల సందులల్ల పాకుకుంట
మా దిక్కే వస్తున్నయి.
ఇద్దరం కాళ్ళు పైకి పెట్టుకున్నం.