బాకీ చిల్లర

తెల్లారగట్ల నాలుగూ నలభైకి
విజయనగరం కాంప్లెక్సులో సాలూరు బండి కదిలేది.
ఇరవై తొమ్మిదేళ్లు అందులో కండక్టర్ని.
"ముందుకి జరగండి, ముందుకి జరగండి"
ఎన్ని వేలసార్లు అన్నానో!
అందరూ జరిగారు.
నేను మాత్రం వెనక తలుపు దగ్గరే,
వెనక్కి పారిపోయే రోడ్డు చూసుకుంటూ.

చిల్లర లేకపోతే టికెట్టు వెనక రాసేవాణ్ణి.
పదమూడు. ఇరవై రెండు. ఏడు.
రాసి, కింద ఓ గీత గీస్తే
బాకీ తీరిపోయినట్టే ఉండేది నాకు.
దిగే హడావుడిలో సగంమంది అడగరు.
ఆ సంగతి నాకు తెలుసు.
నాకు తెలుసని డ్రైవర్ తవిటయ్యకీ తెలుసు.
అద్దంలోంచి ఒక చూపు చూసి
గేరు మార్చేవాడు.

గజపతినగరంలో దాలమ్మ ఎక్కింది,
ఒళ్ళో వంకాయల బుట్ట, రామభద్రపురం సంతకి.
"ఏటి బాబూ, ఎనకాల రాసీసినావు, నాకా సదువు రాదు.
నువ్వు మర్సిపోతే నానెవులికి సూపించీది?"
బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.
ఆమె దిగిపోయింది. నేను మర్చిపోయాను.
అబద్ధం. మర్చిపోలేదు.
పదిహేడు రూపాయలు.

డిపోలో లెక్క తక్కువొచ్చిన రాత్రులు చాలానే ఉన్నాయి,
ఎక్కువొచ్చి నిద్రపట్టనిది ఆ ఒక్కటే.

మళ్ళీ సంతకి కనబడితే ఇచ్చాను.
వేళ్ళమీద రెండుసార్లు లెక్కపెట్టుకుని
"మరి ఒడ్డీ?" అంది.
ఈసారి నవ్వు నా మీద.

అప్పట్నుంచి ఎవరూ అడక్కముందే
సీట్ల మధ్య ఒరుసుకుంటూ వెళ్ళి ఇచ్చేవాణ్ణి.
గొప్పేం కాదు,
టీకొట్టులో చిల్లరకి బతిమాలుకోవాలి, అంతే.
కానీ అలా ఓ రోజు డ్రైవర్ సీటు దాకా వెళ్ళి
తల ఎత్తితే
ముందద్దం నిండా సాలూరు కొండలు,
అప్పుడే ఎండ తగిలి, తడి ఆరని రాగిచెంబుల్లా.
"ఇవెప్పుడొచ్చాయి?" అన్నాను.
తవిటయ్య జవాబు చెప్పలేదు.

ఇప్పుడు రిటైరయ్యాను.
పక్కింటి కుర్రాడు గోడంతా పసుపు కాగితాలు అంటించాడు:
ఐదింటికి లేవాలి. కోపం తగ్గించుకోవాలి.
అమ్మతో రోజూ మాట్లాడాలి.
నాయనా, ఇది టికెట్టు వెనక రాత, అందామనుకున్నాను.
నా టికెట్లు గుర్తొచ్చి ఊరుకున్నాను.

మా సూరీడమ్మకి ఆ కొండలు చూపిస్తానని
ఎప్పుడో అన్నాను, అన్నం తింటూ.
ఆవిడ మళ్ళీ అడగలేదు.
అడగని వాళ్ళ బాకీలే కదా నాకు అలవాటు.

నిన్న ఎక్కించాను. కిటికీ పక్క సీటు.
కొత్త కండక్టరు, మీసాలింకా నిండని కుర్రాడు,
మా టికెట్టు వెనక మూడు అని రాసి గీత గీశాడు.
అడగాలా, వాడే ఇస్తాడా
అని సాలూరు దాకా మథనపడుతూ
కొండలు సగమే చూశాను.

ఆవిడ మొత్తం చూసింది.