ఏనుగు వదిలిన కాయ

శుక్రవారం, ప్రార్థన గంటకు ముందే
గంగులప్ప మోపెడ్ మీద దిగింది గుమ్మడికాయ.
ముందు కాయ, వెనక మనవరాలు హేమావతి.
"మడంతా తొక్కేసినాయి మేడం.
ఇదొక్కటే మిగిలింది.
పిలకాయల సాంబార్లోకి ఏసుకోండి" అని
బండి ఇంజను కూడా ఆపకుండా
పలమనేరు ఫారెస్టాఫీసు వైపు వెళ్ళిపోయాడు.

పదకొండు మంది పిల్లలు, రెండు తరగతులు, ఒక నేను.
కూరగాయల చార్టు చుట్టేసి మూల నిలబెట్టాను.
కాయని గది మధ్య నేల మీద పెట్టి
"దీని పేరేంది?" అన్నాను, తెలిసిందే కదా అని.
గుమ్మడికాయ అన్నారు చాలామంది.
"పరంగికాయ" అంది గుడియాత్తం నుంచి వచ్చిన కళైసెల్వి.
"కుంబళకాయి" అన్నాడు నంగిలి మంజునాథ.
"కద్దూ" అని దిల్షాద్ తనే నవ్వేసింది.
నాలుగూ బోర్డు మీద రాసేసరికి
సుద్దముక్క గోరంత మిగిలింది.

ఎత్తడానికి ఒకరు చాల్లేదు, ఇద్దరు చాల్లేదు.
ముగ్గురెత్తితే జానెడు లేచి మళ్ళీ కూర్చుంది,
పెళ్ళికి రానని మొండికేసిన మేనత్తలాగా.
నడుము చుట్టూ దారం తిప్పి కొలిచాం:
తనూజ్ కన్నా నాలుగు వేళ్ళు పొట్టి.
వాడు ఆ రోజంతా ఛాతీ విరుచుకుని తిరిగాడు.

అన్నం వండే గంగాళంలో నీళ్ళు నింపి
మునుగుతుందా, తేలుతుందా అన్నాను.
మునుగుతుందని పది చేతులు లేచాయి.
తేలింది.
పది చేతులు నెమ్మదిగా దిగాయి.
చెయ్యెత్తనిది హేమావతి ఒక్కతే.
"నీకెట్ల తెలుసు?"
"మా బాయిలో పడింది ఒకటి, ఆ రాత్రి.
తెల్లారినా తేల్తానే ఉండాది."
ఆ తర్వాత ఏమీ అనలేదు.
నేనూ అడగలేదు.

శిక్షణలో ఇచ్చిన పుస్తకంలో ఉంది,
కాయకు కళ్ళూ ముక్కూ గీయించండని.
గీశాం. మీసం పెట్టేసరికి
అది పక్కా దిష్టిబొమ్మ అయిపోయింది.
"ఇది మొన్నే మడికాడ పెట్టుంటే
ఏనుగులు వచ్చుండవు" అన్నాడు మంజునాథ.
హేమావతి లేచి, తడిచేత్తో మీసం చెరిపేసింది.
కళ్ళు మాత్రం ఉంచింది.

చెంగమ్మ కత్తిపీట వేసి కూర్చుంటే
చుట్టూ పదకొండు తలలు, ఒక్క ఊపిరి.
రెండు చెక్కలయిన క్షణాన
గదిలోకి వాన పడ్డ మడి వాసన వచ్చింది.
లోపల చెయ్యి పెట్టమంటే
"చీ" అన్న తనూజే
మోచేతి దాకా దూర్చి, తియ్యనంటే తియ్యనన్నాడు.

గింజలు కడిగి పదులు పెట్టమన్నాను.
పలకలు నిండాయి. అట్టలు నిండాయి.
పదులు గుమ్మం దాటి వరండాలోకి నడిచాయి.
నూరు దాకానే వచ్చిన వాళ్ళు
నూరు తర్వాత మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు,
ఏ తప్పూ లేకుండా.
మూడు వందల నలభై ఏడు.
అన్నం తిని వచ్చి మళ్ళీ లెక్కపెడితే
మూడు వందల ముప్పై ఎనిమిది.

"గుమ్మడికాయల దొంగ ఎవరో!" అన్నాను గట్టిగా.
ఈ పిల్లలకు ఆ సామెత ఇంకా అందలేదు.
ఒక్కరూ భుజం తడుముకోలేదు.
నా చెయ్యే, చూసుకోకుండా,
భుజానున్న బ్యాగు పట్టీ మీదికి పోయింది.
లోపల రుమాల్లో అయిదు,
మా పెరటి కోసం.
మరి మిగతా నాలుగు?

కుళాయి పక్కన గొంతుక్కూర్చుని ఉంది హేమావతి.
తడిమట్టిలో నాలుగు చోట్ల వేలిగుంట పూడ్చి
విరిగిన స్కేలుతో చుట్టూ గీరుతోంది,
వేలెడు లోతు, వంకర లేకుండా.
"ఏందిమే ఇది?"
"కందకం."
తల ఎత్తకుండానే అంది.
"ఆఫీసోళ్ళు ఇప్పుడిప్పుడే తవ్వరంట. తాత చెప్పినాడు."

పక్కనే కూర్చుని రుమాలు విప్పాను.
గింజల్ని చూసింది, నన్ను చూసింది,
నాలుగూ అయిదూ వేళ్ళ మీద కూడి
"అయితే ఇంకా పెద్దది తవ్వాల" అని
గీసిన గీతంతా చెరిపేసింది.