మూడు సెకన్ల ఖాళీ

బల్లరాట్‌లో జూలై. కిటికీకి లోపలివైపు కూడా చలి.
డార్సీ ఇంటి వెనక గరాజ్‌లో
రెండు స్క్రీన్లు, ఒక హీటర్, నేను.
అతను మాట్లాడతాడు, నేను కత్తిరిస్తాను.
గంటకు ముప్ఫై రెండు డాలర్లు.

మొదలుపెట్టే ముందు నిట్టూరుస్తాడు.
ఆ నిట్టూర్పును మాత్రం ఎప్పుడూ కత్తిరించను.
"ఈ వీడియో చెయ్యాలని నాకు లేదు" అంటాడు,
పదకొండో టేకులో.
కెమెరాకి కాస్త పక్కగా కూర్చుంటాడు,
ఉల్లిపాయలు తరుగుతూ
ఎవరి సంగతో మనకొక్కరికే చెప్పే పిన్నిలా.
"నేనేమీ అనడం లేదు, అడుగుతున్నానంతే."
అడగడమంటే ఏమిటో ఈ గరాజ్‌లోనే తెలిసింది నాకు:
కొక్కేనికి తగిలించిన చొక్కా అది,
ఎవరి ఒంటికైనా సరిపోతుంది.

సీత అగ్గిలో కాలు పెట్టబోయే చోట
హరికథ ఆపి దాసుగారు పళ్లెం తిప్పించేవాడట,
మా తాతమ్మ చెప్పేది.
డార్సీ కూడా సరిగ్గా అక్కడే ఆపుతాడు.
పళ్లెంలో పరుపుల కంపెనీ కూపన్ కోడ్.

ఈ వారం మార్గో ఫెనిక్.
పాత గోడగడియారాలు బాగుచేసే మనిషి,
తొమ్మిది వేలమంది చూస్తారు.
ఒక గడియారం తను బాగుచెయ్యనే లేదని,
కొత్త యంత్రం లోపల పెట్టి మూసేసిందని
ఎవరో అన్నారు, ఇంకెవరో అన్నారని.
ఆమె జవాబు నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు.
అందులో ఒకచోట ఆగి, "కొన్నాను" అంది,
"స్ప్రింగు ఒక్కటే" అంది.
"కొన్నాను" దగ్గర కోశాను.
స్ప్రింగు నేలమీద ఎక్కడో పడిపోయింది.

ఆగింది చూడు, అక్కడ సాగదియ్యి, అన్నాడు డార్సీ.
ఒక సెకను మూడయింది.
ఆమె కళ్లు మెల్లగా, చాలా మెల్లగా వాలాయి.
కింద ఒకే ఒక్క మంద్రస్వరం,
నడిరాత్రి ఫ్రిజ్ మోతలాంటిది.
భుజం వెనక ఒక ఎర్ర సున్నా, ఏమీ లేనిచోట.
సున్నా చుడితే చాలు,
చూపు తనే ఏదో ఒకటి వెతుక్కుంటుంది.

నిప్పు లేనిదే పొగ రాదని రాశారు జనం.
ఆ సామెత ఈ దేశంలోనూ ఉంది.
పొగ మీట నా ఎడమచేతి చిటికెన వేలి కింద ఉంది.
తందాన అన్నవాళ్లు రెండు లక్షలు.

శనివారం, స్టర్ట్ వీధి వెనక లాండ్రీలో
నా దుప్పట్లు తిరుగుతున్నాయి.
పక్క మెషిన్ దగ్గర ఒకామె,
గోళ్లకింద నూనె నలుపు.
గుర్తుపట్టాను. ఆమె నన్నెలా పడుతుంది?
కత్తెరకు మొహం ఉండదు.

నావైపు తిరిగి నోరు తెరిచింది.
మాట రాలేదు.
పెదవులు ఒక అక్షరం దగ్గర బిగుసుకున్నాయి,
గొళ్లెం తుప్పుపట్టిన తలుపులా.
కళ్లు వాలాయి,
నేను సాగదియ్యకుండానే, సాగదీసినంతసేపు.

అప్పుడు వినిపించింది, ఆ మంద్రస్వరం.
డ్రయ్యర్ అనుకుని అటు చూశాను. అది ఆగి ఉంది.
ఏం దాస్తోంది ఈవిడ, అనుకున్నాను.
నేనే. ఆ సున్నా చుట్టిన నేనే.

"డ్... డ్... డ్రయ్యర్‌కి చిల్లర ఉందా?"

నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లకు
ఎన్ని రాత్రులు కూర్చుని
తన నత్తిని తనే కత్తిరించుకుందో.
ఒక్కటి మిగిలిపోయింది. దాన్ని మేం పట్టుకున్నాం.

నాణేలిచ్చాను.
లెక్కపెట్టి, ఒకటి ఎక్కువైందని తిరిగిచ్చింది.

చెప్పలేదు. ఏమీ చెప్పలేదు.
దుప్పట్లు తడిగానే మూటకట్టుకుని వచ్చేశాను.

గురువారం అద్దె కట్టాలి.
కొత్త మనిషి: జీలాంగ్‌లో కేకులు చేసే కుర్రాడు.
అతనూ ఒకచోట ఆగాడు.
ఆగినంతసేపు ఉంచాను.
కింద ఏ స్వరమూ పెట్టలేదు.

డార్సీ నోట్ పంపాడు:
"రెండు నిమిషాల నలభై దగ్గర
గాలి చచ్చిపోయింది. చూడు."

చూస్తున్నాను.
కుర్రాడు ఊపిరి పీల్చుకుంటున్నాడు.