షేడ్ కార్డు

సజ్జా క్యాంపు గేటు కాడ
పరాటాల దుకాణం అద్దానికి కాగితం అతికిచ్చిండ్రు.
లోకం ఆరోగ్యం బాగుపడే కొత్త ఉపాయం ఉంటే చెప్పున్రి,
ఎవ్వలన్నా చెప్పొచ్చు, చదువుతో పనిలేదు,
గెలిచినోనికి లక్ష దిర్హమ్‌లు.
ఆఖరు తారీకు ఆగస్టు ముప్పై.

లోకం సంగతి నాకు తెల్వది.
నాకు తెలిసింది రంగులు.
పద్నాలుగేండ్ల సంది షార్జా గోడలకు పూస్తున్న.
తెలుపుల్నే ఇరువై ఆరు తెలుపులుంటయి.
తడి మీద చూసింది నమ్మొద్దు,
ఆరినంక ఒక మెట్టు ముదురుతది.

రాజేశం నా మీది మంచం.
కిందటేడు జూలైల ఒక పొద్దు
ఒంటికి వోయొచ్చి నవ్వుకుంట చెప్పిండు:
"డికాషన్ వడుతుందే అన్నా, పాలు తక్వ."
గది గదంత నవ్వినం.
నేను జెర ఎక్కువనే నవ్విన.
పదకొండో నాడు పరంజి మీదికెల్లి వాన్ని
తాడు గట్టి దించిండ్రు, బస్తా లెక్క.

ఇప్పుడు జగిత్యాల దవఖానల
వారానికి మూడుసార్లు మిషిన్ పక్కన పంటడు.
దినానికి నాలుగు గ్లాసులే తాగాల్నట, కొలిచి.
అప్పుడు తాగుదామంటే టైం లేకుండె.
ఇప్పుడు టైమే ఉన్నది,
తాగొద్దంటున్రు.

నా సంచిల షేడ్ కార్డు ఉంటది.
పసుపుల పేజీ చింపి
కంపెనీ పేర్లు కొట్టేసి నా పేర్లు రాసిన.
గంజి, నిమ్మ షర్బతు, మక్కజొన్న,
పసుపుకొమ్ము, ఆవనూనె, బెల్లం పాకం,
డికాషన్.
నూట నలభై మందికి తొమ్మిది లెట్రిన్లు.
అడుగంటిన డబ్బాలు గోకి, కలిపి,
ప్రతి గోడకు కండ్ల ఎత్తున ఏడు గీతలు గీసిన,
బెత్తెడు బెత్తెడు.
రెండో గీత దాక పనికి వో.
మూడైతే సీసెడు తాగి పో.
ఐదు దాటితే ఎవ్వనికన్నా చెప్పు, ఫోర్‌మన్ తిట్టినా చెప్పు.
ఏడైతే నవ్వకు.

షఫీకుల్ ఆరో గీతను ఖేజూర్ గుడ్ అన్నడు,
ధన్ బహదూర్ మొదటిదాన్ని జాండ్ అని నాలిక చప్పరిచ్చిండు.
ఎవని ఊరి రుచి వాడు వెట్టుకున్నడు.

జిరాక్సు కొట్టు బిజు ఫారం తీసిండు.
మీ ఆవిష్కరణ పేరు?
లెట్రిన్ గోడ.
పెట్టుబడి?
పారేసే డబ్బాలు ఏడు.
భాగస్వామ్య సంస్థలు?
తొమ్మిది తలుపులు. రెండిటికి గడియ లేదు.
పరీక్షించారా? రుజువేమిటి?

రుజువు అంటే,
మెట్‌పల్లి నుంచి కొత్తగ వచ్చిన పోరడు విజ్జగిరి,
మీసం ఇంకా సరిగ రాలే,
శుక్రవారం పొద్దుగాల నా మంచం కాడ నిలవడి
చెవుల చెప్పిండు:
"అన్నా, ఐదుకు ఆరుకు నడుమున్నది."
ఎవ్వలం నవ్వలే.
వాడు ఆ దినం బస్సెక్కలే.
ఒక దినం జీతం కోసిండ్రు.
గంతే.

బిజు తల గోక్కుండు.
గిట్ల రాస్తే ఎవ్వలు చదువరు, పెద్ద మాటలు గావాలె అన్నడు.
వాడే ఇంగిలీషుల రెండు పేజీలు కొట్టి
చదివి తెలుపు జేసిండు.
మంచిగనే ఉన్నది.
అండ్ల నా గోడ ఏడున్నదో దొరకలే.
ఫోటోనన్న వెట్టు అన్న.
"లెట్రిన్ ఫోటోనా?" అన్నడు.
ఔ, అదే.
వెట్టిండు. అరవై దిర్హమ్‌లు తీసుకున్నడు.

సెప్టెంబర్‌ల క్యాంపుకు తనిఖీ అన్నరు.
మేనేజర్ ముక్కు మూసుకొని తొమ్మిదీ తిరిగిండు.
గోడల మీద ఈ గలీజేంది, తెలుపు కొట్టున్రి,
రెండు కోట్లు.
కొట్టెటోడు ఎవ్వడు? నేనే.

పసుపు మొండిది.
ఒక్క కోటు కింద నాలుగు దినాలు దాక్కుంటది,
అయిదో నాడు మెల్లగ మీదికొస్తది.
తనిఖీ రెండో నాడు.
ఒక్క కోటే కొట్టిన.
రెండో కోటు డబ్బా మంచం కిందికి తోసిన.

బ్రష్షు కడుగుతుంటే ఫోన్ మోగింది. రాజేశం.
మిషిన్ చప్పుడు ఇనవడుతుంది ఎనుకకెల్లి.
"అన్నా, ఏమైంది, గెలిచినమా?"
గోడ దిక్కు చూసిన.
ఇంకా ఆరలే తమ్మీ, అన్న.