తూము రాయి

మా హోనాషెన్‌లో పొగగొట్టాలు ముప్పై ఒకటి.
పొగ వచ్చేవి పంతొమ్మిది.
ఈ లెక్క నాకెందుకు తెలుసంటే
ఈ ఊరి నీరటికాణ్ణి నేను.
ఎవరి తోటకు ఏ రాత్రి, ఎన్ని గంటలు
అంతా నా చొక్కా జేబులో, చెమటకు ఉబ్బిన పుస్తకంలో ఉంటుంది.

హోన్ అంటే ఎర్రటి చిన్న పండు, పంటికి పులుపు.
ఆ పులుపు ఊరి పేరులోంచి
మా నాలుకల మీదికి ఎప్పుడు దిగిందో తెలియదు.
కొండ మీద మంచు కరిగినంత కాలం అందరూ మంచివాళ్ళే.
జూలై వస్తుంది.
కాలువ మేకతోకంత అవుతుంది.
అప్పుడు చూడాలి మమ్మల్ని.

అలాంటి ఒక జూలైలో, పదకొండేళ్ళ కింద,
షొఘాకత్ వంతు ఇంకా అరగంట ఉండగానే
అనుషవాన్ తూము మూసేసి నీళ్ళు తన వాల్‌నట్ చెట్లకు తిప్పుకున్నాడు.
వాడి గడియారం ముందు నడిచిందట.
ఆ ఏడు ఆమె ఆప్రికాట్లు గోళీలంతే కాసి రాలాయి.
అంతే, మాట ఆగిపోయింది.
ఒకే గోడకు అటూ ఇటూ ఇళ్ళు.
తోనీర్‌లో లావాష్ కాలే వాసన గోడ దాటిపోయేది,
దాన్ని ఆపడం మాత్రం ఆమె వల్ల కాలేదు.
వాడి భార్య జాబెల్ పోయినప్పుడు
ఊరంతా వచ్చింది, పక్కింటి మనిషి రాలేదు.
తెల్లారేసరికి గోడ మీద రొట్టెల మూట ఉంది.
ఎవరు పెట్టారని వాడు అడగలేదు.

ఈ వేసవి తూము కుంగింది.
నలుగురం గడ్డపారలు వేసి అడుగున ఉన్న నల్లబండను తిరగేశాం.
బురద తుడిస్తే శిలువ.
శిలువ చుట్టూ ద్రాక్షతీగ, దానిమ్మలు,
సూది దూరనంత అల్లిక.
ఏ భయంలో ఎవరు బోర్లా పడుకోబెట్టి దాచారో,
ఏ బద్ధకపు మేస్త్రీ చేతికి అందిన రాయో!
ఇన్నాళ్ళూ మా గొడవల నీళ్ళన్నీ
దాని వీపు మీదుగానే పారాయి.

టౌను నుంచి ఫాదరీ వచ్చాడు, సైలెన్సర్ ఊడిన నీవా కారులో.
కప్పు లేని పాత చర్చిలో, పిచ్చుకల కింద, రాయిని నిలబెట్టాం.
హ్రిప్సిక్ అవ్వ కొవ్వొత్తి వెలిగించింది, గాలి ఆర్పింది,
మళ్ళీ వెలిగించింది, మళ్ళీ ఆర్పింది,
చివరికి గాలే విసిగి లోయలోకి పోయింది.

సరే. తూముకు ఇప్పుడు రాయి లేదు.
రేకులు పెట్టాం, ఇసుక బస్తాలు పెట్టాం,
రెండు రాత్రులు నీళ్ళు లోయపాలు.
"దేవుణ్ణి నిలబెట్టారు గానీ నీళ్ళను నిలబెట్టలేకపోయారు"
అని ట్రాక్టర్ వాహ్రిచ్ నన్నే చూసి నవ్వాడు.

మూడో పొద్దున పార భుజాన వేసుకుని వెళ్తే
తూములో ఒక రాయి, గాడిద డెక్కల గుర్తులు.
గులాబీ రంగు టఫ్, నడుమ పళ్ళెంలా గుంట.
అరచేయి పెట్టి చూశాను, నున్నగా ఉంది.
అది గడప.

దిగి వస్తే అనుషవాన్ గుమ్మం కింద
పచ్చిమట్టి, దాని మీద ఒక చెక్క.
"కాలు జాగ్రత్త," అన్నాడు. ఇంకేం అనలేదు.
నేనూ అడగలేదు.
నలభై ఏళ్ళు జాబెల్ పాల బకెట్లతో
లోపలికీ బయటికీ నడిచి అరగదీసిన గుంట అది.

ఆ రాత్రి వంతు షొఘాకత్‌ది.
లాంతరు కింద పెట్టి తూము పక్కన కూచుంది.
నీళ్ళు ముందు ఆ గుంటలో ఆగాయి,
నిండాయి,
అప్పుడు దాటి ఆమె తోట వైపు కదిలాయి.
ఆమె చేయి ముంచిందో లేదో
ఇంత దూరం నుంచి నాకు కనబడలేదు.
లేచి తూము మూసి, నీళ్ళు అవతలి తోటకు తిప్పేటప్పటికి
నా గడియారంలో ఇంకా అరగంట ఉంది.

పుస్తకంలో పూర్తి వంతనే రాశాను.