లావు తాడు ముందు వంగాలి

ఆదివారం ఏడున్నరకి
దాసరహళ్ళి సర్కారీ బడి గేటు ముందు
నేనూ మా గుంటా.
మా ఆయన నైట్ షిఫ్ట్ దిగి పడుకున్నాడు,
పీణ్యా ఇనప పొడి ఇంకా చెవుల్లో ఉండగానే.

భావనపాడు వదిలి నాలుగు నెలలు.
క్లాసులో దానికి పేరు లేదు,
'ఆంధ్రా' అంటారంట, అంతే.
ఇంట్లో కూడా మాటలు పొదుపు చేస్తోంది
నెలాఖరు నూనెలాగ.
కింద వాటా ఆవిడ చెప్పింది, గైడ్స్‌లో వెయ్యి,
చెట్టూ పుట్టా తిప్పుతారు, నోరు తెరుస్తది అని.

వనమాల మేడం ఎడం చెయ్యి చాపింది.
నేను ఒకడుగు వెనక్కేశాను.
మా వైపు ఎడం చేత్తో చిల్లర కూడా ఇవ్వరు.
వీళ్ళ పద్ధతి అదేనంట, గుండె ఆ పక్కనుంటుంది కదా అంట.
మా గుంట అప్పటికే ఇచ్చేసింది చెయ్యి.

కాగితం మీద పేరు, తరగతి, రక్తం గ్రూపు,
ఎవరికి ఫోన్ చెయ్యాలి,
ఈత వచ్చునా.
ఆ చివరిది చదివి కిసుక్కుమంది.
అలల్లో పళ్ళు ఊడిన పిల్లని
అడిగే మాటేనా అది.

యూనిఫాం కొనొద్దంది మేడం.
విరిగిన బెంచీల వెనక రేకు పెట్టె,
మూత తీస్తే కలరా ఉండల వాసన.
ఎదిగిపోయిన పిల్లలు వదిలేసిన నీలం చొక్కాలు,
ఒక్కో చొక్కాకి కాలర్ లోపల పేర్లు.
రక్షిత, దాని మీద గీత.
ముబీనా, గీత.
స్టెల్లా, గీత ఇంకా నల్లగా తళతళలాడుతోంది.
మార్కర్ నా చేతికే ఇచ్చింది.
నాకు వచ్చింది తెలుగే, తెలుగులోనే రాశాను.
ఆవిడ కళ్ళజోడు పైకి తోసి
తలకట్టు దగ్గర కాస్త తడబడి
'తనూజ' అంది గట్టిగా.
గ్రౌండంతా వినబడేంత గట్టిగా.

తల్లులకి గోడవార చోటు.
ఒక తాతగారు, హెల్మెట్ తియ్యని ఒక నాన్న,
ఇంటద్దె ఎంతని చేతి వేళ్ళతో అడిగే ఒకావిడ.
నేను ఎండ జరిగినప్పుడల్లా జరిగేదాన్ని.

మూడో ఆదివారం ముళ్ళు నేర్పారు.
లావు తాడొకటి, సన్న తాడొకటి,
రెండూ కలిసి ఉండాలి, లాగితే జారకూడదు.
అట్టమీద బొమ్మ చూపించారు, ఈల ఊదారు,
ఆరుగురు పిల్లలూ చిక్కులే వేశారు.
అప్పుడు మా గుంట చెయ్యెత్తి
'నమ్మమ్మంగె బరుత్తె' అంది.
దాని నోట కన్నడం వినడం నాకదే మొదలు.
అమ్మకి వచ్చు అంటోందని
అందరూ నా వైపు తిరిగాకే తెలిసింది.

చెప్పుల్లేకుండా వెళ్ళి నిలబడ్డాను.
చెప్పులు గోడ దగ్గరే మర్చిపోయాను.
లావుది ముందు వంగాలి.
సన్నది దాని లోపల్నుంచి పైకొచ్చి
వెనక నుంచి ఇద్దరినీ చుట్టుకుని
తన కిందే తను దూరాలి.
మా అయ్య వలకి కన్నుకన్నుకీ ఇదే ముడి,
ఆరేళ్ళ నుంచి పెళ్ళిదాకా
ఎన్ని వేశానో నా గోళ్ళకే తెలుసు.
'దీన్ని మీరేమంటారు?' అని సైగ చేసింది మేడం.
ఏమంటాం.
మా రేవులో దానికి పేరు లేదు,
పనే.

బడిలో ఇంకా 'ఆంధ్రా' అనే అంటున్నారు.
సోమవారాలు ఏమీ మారలేదు.
స్కార్ఫ్ మాత్రం శనివారం రాత్రే
దిండు కింద పెట్టి ఇస్త్రీ చేసుకుంటోంది.

నిన్న బయల్దేరుతుంటే మేడం నోట్‌బుక్ చూసి
నా వైపు వేలు చూపించి ఏదో అంది.
చాలా పొడుగు మాట, వేగంగా.
అందులోంచి ఒక్కటి తేలి నా దగ్గరికొచ్చింది:
మజ్జిగె.
ఇరవై మందికి, వచ్చే వారం, నా వంతు.
అల్లం వెయ్యనా అని తెలుగులోనే అడిగాను.
'హాకి, హాకి' అంది.